మీరు చూసిన కాపీ ఏది?

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ మా వదిన నన్ను చూసినప్పుడల్లా ఒకటే మాట అనేది. "నీకేంది సుశీలా, జీతం తీసుకొని సినిమాలు చూస్తవ్." అల్వాల్‌లో మా ఇంటికి వచ్చి, నా చేతి టీ తాగుతూ, నా ఉద్యోగాన్నే ఎగతాళి చేసేది. నేను కాదనేదాన్ని కాదు. నిజంగానే చూశాను. శామీర్‌పేట దారిలో ఒక విశ్వవిద్యాలయం ఉంది, పేరు చెప్పను. అక్కడి లైబ్రరీలో సినిమాలు, వీడియో రికార్డింగుల విభాగం నాది. చేరిన రోజు నుంచి రిటైరైన రోజు దాకా అదే విభాగం, అదే కిటికీ.

అయితే వదిన అనుకున్న సినిమాలు వేరు, నేను చూసినవి వేరు. వరి నాట్ల మీద తీసిన ప్రచార చిత్రం. ఒక ప్రొఫెసర్ గారు కెమెరా వైపు ఒక్కసారైనా చూడకుండా ఇచ్చిన ఉపన్యాసం. మగ్గం ముందు కూర్చున్న పెద్దాయన ఇంటర్వ్యూ, అందులో ఆయన మాట కన్నా మగ్గం చప్పుడే ఎక్కువ. వీటిని మొదటి బొమ్మ నుంచి చివరి బొమ్మ దాకా కూర్చుని చూసి, ఎంతసేపు ఉందో, ఎవరు తీశారో, ఎవరు మాట్లాడారో, ఈ కాపీ మాకు ఎక్కడి నుంచి వచ్చిందో రాసి డబ్బా మీద అంటించడం నా పని.

అది సగం పని. మిగతా సగం మనుషులతో. పరిశోధన చేసే పిల్లలు తమ వ్యాసాల్లో, థీసిస్‌లలో ఆ సినిమాల ప్రస్తావన తెస్తారు. ఆ రాత చదివిన ముక్కూ ముఖం తెలియని మనిషి కూడా అదే సినిమాలో అదే చోటికి చేరుకోగలగాలి. అలా రాయించడం కోసమే నేను ఇంతకాలం అరిచాను, బతిమాలాను, కొందరి థీసిస్‌లు విసిరినంత పని చేశాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ప్రమోషన్ల గురించి ఏమీ రాయను. వచ్చినవే తక్కువ, అవి కూడా నా వల్ల వచ్చినవి కావు.

ఎవరి పేరు ముందు రాయాలి

పుస్తకాన్ని ఉదహరించడం పిల్లలకు వచ్చు. రచయిత, పుస్తకం పేరు, ప్రచురించినవాళ్ళు, సంవత్సరం, పేజీ. సినిమా దగ్గరికి వచ్చేసరికి చేతులెత్తేస్తారు. సినిమాకు రచయిత ఎవరు, పేజీ ఎక్కడ ఉంటుంది అని నా మొహం చూస్తారు. కొందరు నా మొహం కూడా చూడరు, తోచింది రాసేస్తారు. ఒకసారి ఒక అబ్బాయి థీసిస్‌లో, పేరున్న ఒక వృద్ధ దర్శకుడి సినిమాకు రచయిత స్థానంలో "మేడ్చల్ మస్తీ వీడియోస్" అని ఉంది. ఇంటర్నెట్‌లో ఆ సినిమాను ఎక్కించిన చానెల్ పేరది.

"ఇదేంది నాయనా?" అన్నాను.

"ఆడ గదే పేరున్నది మేడం."

"పెట్టినోడు వేరే, తీసినోడు వేరే. పెండ్లి ఫోటోకు ఫ్రేము కట్టినాయన పెండ్లికొడుకు అయితడా?"

వాడు నవ్వాడు, నేనూ నవ్వాను, కానీ తప్పు చిన్నది కాదు. కథా చిత్రమైతే దర్శకుడి పేరు ముందు పెట్టడం వాడుక. ఉపన్యాసమైతే ఉపన్యసించినవారి పేరు. ఇంటర్వ్యూ అయితే ఎవరి మాటను మీరు వాడుకుంటున్నారో ఆ మనిషి పేరు ఎక్కడో ఒకచోట తప్పనిసరిగా ఉండాలి. ఎక్కించినవాళ్ళ పేరు చివరన, ఎక్కడ దొరికిందో చెప్పడానికి మాత్రమే. ఇవన్నీ ఏ పద్ధతిలో రాయాలి, ఎక్కడ కామా పెట్టాలి, ఎక్కడ చుక్క పెట్టాలి అని ఒక్కో శాఖ ఒక్కో రకంగా కొట్లాడుకుంటుంది. ఆ కొట్లాటల్లో నేను తలదూర్చలేదు. కామా లేకపోయినా సినిమా దొరుకుతుంది.

రెండో డిస్కు గడియారం

ఒక చిన్న సంగతి చెప్పి ముందుకు వెళ్తాను. సినిమాలు వీసీడీల మీద వచ్చిన రోజుల్లో ఒక్కో సినిమాకు రెండేసి డిస్కులు ఉండేవి. రెండో డిస్కు పెట్టగానే తెర మీద గడియారం మళ్ళీ సున్నా నుంచి మొదలయ్యేది. మా పిల్లలు రెండో డిస్కులో చూసిన సన్నివేశానికి ఆ గడియారం చూపిన నిమిషమే రాసేవాళ్ళు, డిస్కు సంఖ్య రాసేవాళ్ళు కాదు. చదివినాయన మొదటి డిస్కు పెట్టి ఆ నిమిషానికి వెళ్తే కోర్టులో సాక్ష్యం ఉండాల్సిన చోట హీరో హీరోయిన్లు పూలతోటలో తిరుగుతుండేవాళ్ళు. ఒక గైడ్ సార్ అయితే తన విద్యార్థి తనతో పరాచికాలు ఆడాడని మండిపడ్డారు. ఆ రోజు నుంచి నేను ప్రతి డబ్బా మీదా ఎర్ర సిరాతో రాసేదాన్ని: "నిమిషం రాసే ముందు డిస్కు రాయండి."

వీసీడీలు పోయాయి, జబ్బు పోలేదు. ఒకే సినిమా థియేటర్లో ఒక నిడివి, టీవీలో ఒక నిడివి, ఇంటర్నెట్‌లో ఇంకో నిడివి. ముందు కంపెనీ బొమ్మలు, మధ్యలో ప్రకటనలు. మీ నిమిషం నా నిమిషం కాదు. అందుకే నా దగ్గరికి వచ్చిన ప్రతివాళ్ళనూ మొదట అడిగే ప్రశ్న ఒకటే ఉండేది: మీరు చూసిన కాపీ ఏది? పిల్లలు నా వెనకాల నన్ను "కాపీ మేడం" అనేవాళ్ళు. నాకు తెలుసు, నాకది ఇష్టంగానే ఉండేది.

పేరు రాయకూడని చోట

పేరు రాయండి అని అరిచిన నేనే ఒకసారి పేరు కొట్టించాను. ఒక పరిశోధక విద్యార్థి జవహర్‌నగర్‌లో చెత్త ఏరుకుని బతికే ఆడవాళ్ళతో వీడియో ఇంటర్వ్యూలు తీశాడు. కష్టపడి తీశాడు, ఆ వాసనలో రోజుల తరబడి నిలబడటం మాటలు కాదు. చివర రిఫరెన్సుల్లో ప్రతి మనిషి పూర్తి పేరూ, కాలనీ పేరుతో సహా రాశాడు, నేను మెచ్చుకుంటాననుకుని.

నేను రికార్డింగు పెట్టి చూశాను. ఒకామె మాట్లాడటం మొదలుపెట్టే ముందే అంటోంది: "నా పేరు యాడ పెట్టకు బిడ్డా, మా పిల్ల సంబంధాలు చూస్తున్నం." అది రికార్డయింది. వాడే రికార్డు చేశాడు. వినలేదు.

"ఇది నువ్వు తీసిందేనా?" అని అడిగాను.

"నేనే మేడం. అంటే… గప్పుడు కెమెరా సెట్ చేసుకుంటున్న, సరిగ్గ వినలే."

ఆమె పేరు తీయించి, రికార్డింగుకు ఒక సంఖ్య ఇచ్చి, ఎవరైనా చూడాలంటే ఎవరి అనుమతి తీసుకోవాలో రాయించాను. మనం తీసిన వీడియోను కూడా మనం పూర్తిగా చూడం అన్న సంగతి ఆ రోజు తెలిసింది. ఎదుటివాళ్ళు తీసింది సగం చూసి రాసేవాళ్ళ గురించి ఇక చెప్పేదేముంది.

మా సారు, పాత బీరువాలు

నా పై అధికారుల్లో ఒకాయన గురించి తప్పక చెప్పాలి. మంచి మనిషి, కొత్తదనం అంటే ప్రాణం. లైబ్రరీలో పిల్లలు కూర్చుని మాట్లాడుకోవడానికి అద్దాల గది ఒకటి కట్టించాలని ఆయన కోరిక. ఆ గదికి కావలసిన చోటు నా క్యాసెట్ల బీరువాల కింద ఉంది.

"సుశీల గారూ, ఇవన్నీ ఇప్పుడు ఫోన్‌లోనే దొరుకుతున్నాయి కదండీ. ఈ పాత సామాను ఎందుకు మనకి?" అన్నారు.

నాకు కోపం వస్తే గొంతు పెరుగుతుంది. ఆ రోజు ఎందుకో పెరగలేదు. "సార్, మీ చేత్తో మీకు నచ్చిన డబ్బా ఒకటి తీయండి. అది ఫోన్‌లో చూపించండి. చూపిస్తే సాయంత్రం వరకు బీరువాలు నేనే ఖాళీ చేయిస్త" అన్నాను.

ఆయన ఒక డబ్బా తీశారు. ఫోన్‌లో వెతికారు. దొరికింది. నా వైపు గెలిచినట్టు చూశారు. పెట్టారు. బొమ్మ వస్తోంది, మాట రావడం లేదు. ఎవరో పాట హక్కుల గొడవలో ధ్వని మొత్తం తీసేశారు. ఇంకో డబ్బా తీశారు. అదీ దొరికింది, మొదటి భాగం మాత్రమే. మూడోది వెతకబోయి ఫోన్ జేబులో పెట్టుకున్నారు.

"ఒక బీరువా ఉంచుకోండి" అన్నారు.

నేను అన్నీ ఉంచుకున్నాను. అద్దాల గది మేడ మీద కట్టారు, గాలి కూడా బాగా వస్తుంది. ఆ సారు రిటైరయ్యే రోజు తన ప్రసంగంలో ఆ బీరువాలను తానే కాపాడానని చెప్పుకున్నారు. చెప్పుకోనీ అని నేను గట్టిగా చప్పట్లు కొట్టాను. ఆ బీరువాల్లో ఒక డబ్బా లేకపోయి ఉంటే షబానా అనే అమ్మాయి చదువు ఏమయ్యేదో ఆ చప్పట్లు కొట్టేటప్పటికే నాకు తెలుసు.

షబానా ఇచ్చిన లింకు

షబానాది శామీర్‌పేట అవతల ఒక పల్లె. వాళ్ళ బాపుకు చెరువు కింద కొద్దిగా పొలం. ఆ ఇంట్లో డిగ్రీ దాటి చదివిన మొదటి మనిషి ఆమే. చెరువు నీళ్ళను ఊళ్ళు ఎలా పంచుకునేవో అన్నది ఆమె థీసిస్. అందులో ఒక అధ్యాయం మొత్తం ఒక మాట మీద నిలబడి ఉంది. ఎండాకాలం నీళ్ళు తగ్గుతున్నప్పుడు చెరువు లోపల ఒక రాయి బయటపడుతుంది. ఆ రాయి కనబడగానే పొలాలకు తూము మూసేయాలి, మిగిలిన నీళ్ళు చేపలవి. మూయమని చెప్పే హక్కు చేపలు పట్టే కుటుంబాల ఆడవాళ్ళది. రైతులు ఎదురు చెప్పేవాళ్ళు కాదు. ఈ కట్టుబాటు ఏ కాగితం మీదా లేదు. వాళ్ళ తాత చెప్పగా షబానా విన్నది, తర్వాత మా లైబ్రరీలో ఒక పాత డాక్యుమెంటరీలో కళ్ళారా చూసింది. అందులో ఒకామె తూము మీద నిలబడి, పారలు పట్టుకున్న రైతులతో ఆ మాటే అంటుంది.

ఆ డాక్యుమెంటరీ పేరు ఇక్కడ రాయడం లేదు. కాపీ మేడమే సినిమా పేరు ఎగ్గొట్టిందని నా పాత విద్యార్థులు నవ్వుకుంటారు, నవ్వుకోనీ. పేరు కావలసినవాళ్ళు షబానా థీసిస్ తీసి చూడండి.

ఒక మధ్యాహ్నం షబానా నా గదికి వచ్చింది. చున్నీ కొసతో కళ్ళు తుడుచుకుంటోంది, కానీ ఏడుపు కన్నా కోపమే ఎక్కువ కనిపించింది.

"ఏమైంది షబానా? కూసో."

"కూసోను మేడం. థీసిస్ దిద్దిన ఎక్స్‌టర్నల్ సార్ రిపోర్టు వచ్చింది. నేను చెప్పిన సీను గా సినిమాలనే లేదట. లేనిది ఉన్నట్టు రాసినవ్, జవాబు చెప్పు అన్నడు. మా గైడేమో గా చాప్టర్ తీసెయ్ అంటున్నడు. గది తీసేస్తే ఇగ నా థీసిస్‌ల ఏముంటది మేడం? మా బాపుకు ఏమని చెప్పాలె, అబద్దం రాసి దొరికిన అని చెప్పాల్నా?"

"నువ్వు యాడ చూసినవ్ ఆ సినిమా?"

"ఈడనే. మీరే పెట్టిన్రు గదా."

"మరి రిఫరెన్సు ఏం రాసినవ్?"

"లింకు ఇచ్చిన మేడం. నెట్‌ల ఉన్నది గదా, సార్లకు చూసుకోనీకి సులువైతదని."

"ఆ లింకుల సినిమా నువ్వు చూసినవా?"

షబానా తల అడ్డంగా ఊపింది.

ఈ తప్పు చేయని పరిశోధకుణ్ణి నేను నా సర్వీసులో చూడలేదు. ఒకచోట చూస్తారు, ఇంకోచోట చూసినట్టు రాస్తారు. మోసం చేయాలని కాదు. లైబ్రరీ, బీరువా, డబ్బా సంఖ్య అని రాస్తే పాతచింతకాయ పచ్చడిలా ఉంటుందని సిగ్గు. లింకు రాస్తే కొత్తగా ఉంటుంది, నొక్కితే తెరుచుకుంటుంది. తెరుచుకున్నది తాము చూసినదేనా అని మాత్రం నొక్కి చూడరు.

నేను తిట్టాను. బాగానే తిట్టాను. తర్వాత టీ తెప్పించి, మా డిస్కు ఒక కంప్యూటర్లో, ఆమె లింకు పక్క కంప్యూటర్లో పెట్టాను. రెండూ ఒకేసారి మొదలుపెట్టాం. మొదట కాసేపు అచ్చం ఒకటే. గట్టు, కొంగలు, వ్యాఖ్యాత గొంతు. తర్వాత లింకులోది ముందుకు ఉరకడం మొదలుపెట్టింది. మా దాంట్లో ఇంకా వలలు ఎండుతుంటే దాంట్లో పొలాలు వచ్చేశాయి. మా దాంట్లో ముప్పై ఒకటో నిమిషంలో ఆమె తూము మీదికి ఎక్కింది. ఆ సమయానికి పక్క కంప్యూటర్లో సినిమా అయిపోయి, తర్వాతి వీడియో దానంతటదే వచ్చి, అందులో ఎవరో వంట చేయడం మొదలుపెట్టారు.

"యా అల్లా" అంది షబానా. "సగం కోసేసిన్రు."

ఎక్స్‌టర్నల్ సారు అబద్ధం చెప్పలేదు. షబానా అబద్ధం రాయలేదు. ఇద్దరూ రెండు వేరు వేరు సినిమాలు చూశారు, పేరు ఒకటే. నాకు ఆ క్షణంలో ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. డబ్బా మీద నా చేతిరాతతోనే ఉంది: మొత్తం నిడివి, దర్శకుడు స్వయంగా ఇచ్చిన క్యాసెట్ నుంచి డిస్కులోకి ఎక్కించినది అని. మా సారు ఖాళీ చేయమన్న బీరువాలోదే ఆ క్యాసెట్.

అయినా ఒక అనుమానం మిగలకూడదు. దర్శకుడు బతికే ఉన్నారు, పెద్దవారు. ఆయనకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను. "టీవీకి అరగంట కన్నా ఎక్కువ వద్దన్నారమ్మా. ఏడుస్తూ కోశాను. మొత్తం ఉన్నది మీకిచ్చిందొక్కటే. నా దగ్గరున్నది బూజు పట్టిపోయింది" అన్నారాయన. షబానా ఫోన్ దగ్గరికి వంగి, "షుక్రియా సార్, మస్తు షుక్రియా" అంది. ఆయన ఆమె ఎవరని అడిగి, ఊరు పేరు విని, ఆ ఊళ్ళో తాగిన కల్లు గురించి చాలాసేపు మాట్లాడారు.

ఆమె పేరేంటి

జవాబు రాయడానికి కూర్చున్నాం. ఎంత సులువో చూడండి: దర్శకుడి పేరు, సినిమా పేరు, పూర్తి నిడివి ప్రతి, మా లైబ్రరీ, డిస్కు సంఖ్య, ముప్పై ఒకటో నిమిషం. టీవీ కోసం కుదించిన ప్రతిలో ఈ సన్నివేశం లేదు అని ఒక వాక్యం. అంతే. షబానా లేవబోయింది.

"ఆగు. మాట్లాడిందెవరు?" అన్నాను.

"చేపలు పట్టే ఆమె అని రాసిన గదా మేడం."

"నీ చాప్టరంతా ఆమె మాట మీద నిలవడ్డది. డైరెక్టర్ పేరు రాసినవ్, లైబ్రరీ పేరు రాసినవ్. ఆమెకు పేరు లేదా?"

సినిమా చివర పేర్లలో ఆమె లేదు. కెమెరా పట్టినవారి నుంచి జీపు నడిపినవారి దాకా అందరూ ఉన్నారు, ఆమె లేదు. సన్నివేశం మళ్ళీ పెట్టాం. ఆమె చెయ్యి చాపి చెరువు వైపు చూపిస్తూ అంటోంది: "గా రాయి తేలింది. ఇగ తూము బందు. మీ మడి ఎండితే మల్ల యేడాది ఏసుకుంటరు, చేప చస్తే యాడికెళ్ళి తెస్తరు?" రైతులు గొణుగుతున్నారు. ఇంకోసారి పెట్టాం. మూడోసారి షబానా హెడ్‌ఫోన్ చెవికి అదుముకుని చెయ్యెత్తింది. వెనక వరసలో ఒక రైతు పార భుజాన వేసుకుంటూ అంటున్నాడు: "సరే తియ్ మల్లమ్మక్కా, నీ మాటనే కానీ."

షబానా మొహం ఇప్పటికీ నాకు గుర్తుంది. పేరు గబగబా రాసుకుంది. ఊరి పేరు సినిమాలోనే చెప్పారు. మల్లమ్మ, ఫలానా ఊరు అని రిఫరెన్సులోకి ఎక్కింది. జవహర్‌నగర్ ఆమె పేరు ఎందుకు కొట్టించానో, మల్లమ్మ పేరు ఎందుకు రాయించానో కొత్తవాళ్ళకు అర్థమయ్యే ఉంటుంది. ఆమె వద్దంది. ఈమె ఊరందరి ముందు, కెమెరా ముందు, గొంతెత్తి చెప్పింది.

వైవా రోజు ఎక్స్‌టర్నల్ సారు దూరం నుంచి వచ్చారు. షబానా మొదట రెండు కాపీలూ పక్కపక్కన చూపించింది. ఆయన రెండూ చివరి దాకా చూశారు. తర్వాత కళ్ళజోడు తీసి అన్నారు: "అమ్మాయీ, నేను చూసిన సినిమా ఇది కాదు. నాకు మీరు తప్పు దారి చెప్పారు."

"అవును సార్. తప్పు నాదే. ఇప్పుడు సరి చేసిన."

ఆయన కొత్త రిఫరెన్సు చదివారు. మల్లమ్మ పేరు దగ్గర ఆగారు. "ఈ పేరు సినిమాలో ఎక్కడుంది?" అని అడిగారు. వెనక వరస రైతు మాటను షబానా వినిపించింది. ఆయన ఇంకోసారి పెట్టమన్నారు. విని, "బాగుంది. ఇది ఉంచండి" అన్నారు. షబానాకు డిగ్రీ వచ్చింది. గదిలో వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ వాళ్ళ బాపుకు అక్కడ జరిగినదాంట్లో ఎంత అర్థమైందో నాకు తెలియదు, నాకు మాత్రం రెండు చేతులా దండం పెట్టాడు. నాకు గర్వంగా అనిపించింది. ఇప్పుడు రాస్తుంటే కూడా అనిపిస్తోంది, దాచుకోను.

తర్వాత షబానా ఆ అధ్యాయాన్ని ఒక తెలుగు పత్రికకు వ్యాసంగా రాసింది. సంపాదకుడు వ్యాసం బాగుంది, కింద ఈ డిస్కు సంఖ్యలు, నిమిషాలు ఎందుకమ్మా, పాఠకులకు అక్కర్లేదు కదా అన్నాడట. షబానా నాకు ఫోన్ చేసింది. "కొట్లాడు" అన్నాను. కొట్లాడింది. చిన్న అక్షరాల్లో, వ్యాసం కింద, ఆ ఒక్క రిఫరెన్సూ ఉంచారు.

ఆ మధ్య ఒక శనివారం

రిటైరయ్యాక కూడా నేను అప్పుడప్పుడు లైబ్రరీకి వెళ్తాను. పేపర్లు చదువుకుంటాను, కిటికీ దగ్గర ఎండ బాగుంటుంది. నా కుర్చీలో ఇప్పుడు కిరణ్ అనే అబ్బాయి ఉన్నాడు. నేను వెళ్ళిపోయాకే చేరాడు, నా దగ్గర పని నేర్చుకున్నవాడు కాదు. నేను పాత ఉద్యోగినని తెలుసు, అంతకు మించి తెలియదు. నేనూ చెప్పలేదు.

ఆ శనివారం ఒకామె వచ్చింది. జీడిమెట్లలో మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తుందట, మెడలో ఆ కార్డు ఇంకా ఉంది. చేతిలో ఫోన్, అందులో పత్రిక పేజీ ఫోటో. ఎవరో తోటి పనివాళ్ళు పంపినట్టుంది.

"సార్, గీడ మా అవ్వ పేరు రాసున్నది. మల్లమ్మ. మా ఊరే. గిది మీ దగ్గరున్నదా?"

కిరణ్ ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. వేళ్ళతో పెద్దది చేసి ఆ చిన్న అక్షరాలు చదివాడు. నా నోటి దాకా వచ్చింది, ఎడమ వైపు మూడో బీరువా అని. పేపర్ అడ్డం పెట్టుకుని నోరు మూసుకున్నాను. నోరు మూసుకుని కూర్చోవడం నా సర్వీసులో నేను చేయని పని. కానీ ఆ రోజు నాకు చూడాలని ఉంది. నేను లేకుండా, షబానా లేకుండా, ఆ ఒక్క వాక్యం పట్టుకుని ఈ ఇద్దరూ అక్కడికి చేరతారా లేదా అని.

కిరణ్ లోపలికి వెళ్ళాడు. డిస్కుతో తిరిగొచ్చాడు. కంప్యూటర్లో పెట్టి, ఇంకోసారి ఫోన్ చూసుకుని, ముప్పై ఒకటో నిమిషం దగ్గర ఆపాడు.

గట్టు. తూము. ఆమె పైకి ఎక్కింది.

"గా రాయి తేలింది. ఇగ తూము బందు."

వచ్చినామె రెండు చేతులూ నోటి మీద పెట్టుకుంది. కాసేపటికి, "మా అవ్వ ఫోటో ఒక్కటే ఉన్నది సార్, రేషన్ కార్డుది" అంది. "గొంతు ఎట్లుండెనో నాకు యాదికే లేకుండె. నేను సిన్నపిల్లనప్పుడే పాయె." మళ్ళీ పెట్టమని అడిగింది. కిరణ్ పెట్టాడు. ఆమె తన ఫోన్‌లో ఎవరికో కలిపింది, స్పీకర్ పెట్టి తెర దగ్గరికి చాపింది. "అమ్మా, మాట్లాడకు. ఇను."

తెర మీద మల్లమ్మ చేప చస్తే యాడికెళ్ళి తెస్తరని రైతులను నిలదీసింది. తర్వాత అవతలి నుంచి ఒక పెద్ద వయసు గొంతు వచ్చింది: "ఓ అమ్మా… మా అమ్మ గదనే… మా అమ్మనే మాట్లాడుతాంది…"

నాకు పేపర్లో అక్షరాలు కనబడలేదు. కళ్ళజోడు తుడుచుకున్నాను, ప్రయోజనం లేకపోయింది. ఇన్నేళ్ళూ పరిశోధకుల కోసం, ఎక్స్‌టర్నల్ సార్ల కోసం, అనుమానించే వాళ్ళ కోసం ఆ నిమిషాలు రాయించాననుకున్నాను. ఒక మనవరాలు తన అవ్వ గొంతు దగ్గరికి ఆ వాక్యం పట్టుకుని వస్తుందని నాకు ఎప్పుడూ తోచలేదు.

ఆమె లేచి కొంగుతో మొహం తుడుచుకుంది. కిరణ్ డిస్కు తీసి డబ్బాలో పెట్టాడు. ఏదో ఒకటి అడగాలన్నట్టు అడిగాడు: "అక్కా, ఇది ఇక్కడ ఉందని మీకెవరు చెప్పారు?"

"ఎవ్వలు చెప్పలే సార్" అంది ఆమె, ఫోన్‌లో ఆ చిన్న అక్షరాల మీద వేలు పెట్టి. "గీడనే రాసున్నది గదా."